పగిలిన ఓడలోని సరుకు ఎవరిది? మోటుపల్లి అభయశాసనం గురించి

మీరు అడిగినవి మూడు. తుఫానుకు పగిలి ఒడ్డున పడ్డ ఓడల సరుకు ఇకమీద లాక్కోబోమని కాకతీయ రాజు గణపతిదేవుడు మన తూర్పు తీరపు రేవు మోటుపల్లిలో శాసనం వేయించడం అంత గొప్ప సంగతా, ఏ రాజైనా చేయాల్సిన కనీస ధర్మమే కదా అన్నది మొదటిది. ఎక్కడో ఓరుగల్లులో ఉన్న రాజుకు ఓడలతో పనేమిటన్నది రెండోది. మార్కోపోలో నిజంగా రుద్రమదేవిని చూశాడా అన్నది మూడోది. పాతికేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. వేసవి సెలవుల్లో చాలా భాగం శాసనాల వెంట తిరగడానికే ఖర్చయ్యాయి. మోటుపల్లి స్తంభం నాకు బాగా ఇష్టమైన రాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు శాసనం ఏం చెబుతోందో చూద్దాం. శక సంవత్సరం 1166, అంటే మన లెక్కలో 1244-45. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద ఉంది. అన్ని ద్వీపాలకూ, పరదేశాలకూ, పట్టణాలకూ వెళ్లే వచ్చే సముద్ర వర్తకులను ఉద్దేశించి రాయించింది. దాని భావం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు గాలివానకు చిక్కి పగిలి ఒడ్డున పడితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా పట్టుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువని సముద్రయానమనే పెద్ద సాహసానికి తెగించిన వాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేము వాళ్లకే వదిలేస్తున్నాం. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి.

పాఠ్యపుస్తకాలు 'దయతో' అన్న మాట పట్టుకుని రాజు గుణగణాలు చెప్పి ముగిస్తాయి. నేను మాత్రం ప్రతిసారీ 'పూర్వపు రాజులు' అన్న చోట ఆగుతాను. ఒక రాజు తనకు ముందున్న వాళ్లు చేసింది బలవంతపు దోపిడీ అని రాతిమీద చెక్కించి, అదీ పరదేశీయుల కళ్ల ముందు నిలబెట్టడం మామూలు విషయం కాదు. పైగా ఆ ఆచారం ఈ ఒక్క తీరానిదే అనుకోవద్దు. ఆ రోజుల్లో ఓడ పగిలితే సరుకు ఆ నేల దొరదే అన్నది సగం ప్రపంచంలో నడిచిన పద్ధతి. యూరప్ తీరాల్లో ఎంత ముదిరిందంటే, 1179లో రోమ్‌లో జరిగిన మూడో లాటరన్ మహాసభ, అంటే క్రైస్తవ మతాధికారుల సభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచుకునే వాళ్లను మతం నుంచి వెలివేస్తామని శాసించాల్సి వచ్చింది. మన పడమటి తీరంలో ఏలి అనే రాజ్యం గురించి మార్కోపోలో రాసింది ఇంకా ఘోరం. ఓడ పగలనక్కర్లేదు. వేరే రేవుకు పోతున్న ఓడ గాలికి అక్కడికి కొట్టుకొస్తే చాలు, దేవుడే మిమ్మల్ని మా దగ్గరికి పంపాడు అని మొత్తం ఊడ్చేసుకునేవారట.

మరి ఈ ఆచారాన్ని వదులుకున్న రేవుకు ఏం దక్కింది? దీనికి జవాబు మలబారు, అంటే కేరళ తీరంలోని కాలికట్‌లో దొరుకుతుంది. గణపతిదేవుడి శాసనం తర్వాత దాదాపు వందేళ్లకు, 1342లో, మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడున్నాడు. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ చైనా చక్రవర్తికి పంపిన కానుకలు అతని బాధ్యతలో ఉన్నాయి. అతను ఒడ్డున ఉండగానే తుఫాను లేచింది, కానుకల ఓడ పగిలిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువుల మీద జనం పడబోతే, సామూద్రి, అంటే కాలికట్ రాజు, మనుషులు కర్రలతో కొట్టి వాళ్లను తరిమారని ఇబ్న్ బతూతా స్వయంగా రాసుకున్నాడు. మలబారులో మిగతా చోట్ల పగిలిన ఓడ సరుకు రాజు ఖజానాకు పోతుందనీ, ఈ ఊళ్లో మాత్రం సొంతదారులకే ఇస్తారనీ, అందుకే ఈ ఊరు అంత కళకళలాడుతోందనీ కూడా చెప్పాడు. ఆ చివరి మాటను గణపతిదేవుడి శాసనం పక్కన పెట్టి చదవండి. మలబారు తీరంలో పక్కపక్కనే ఎన్నో రేవులు. వర్తకుడు ఏ రేవుకు పోవాలో తేల్చుకునేటప్పుడు అక్కడ మిరియాల ధర ఎంత అని ఒక్కటే అడగడు. దురదృష్టం ఎదురైతే అక్కడి దొర నాతో ఎలా ఉంటాడని కూడా అడుగుతాడు. (ఆ కానుకలు పంపిన సుల్తానే, ఉలుగ్ ఖాన్‌గా ఉన్నప్పుడు, 1323లో మన ఓరుగల్లును కూలగొట్టినవాడు. ఈ రెండు కథలూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయని మా విద్యార్థులకు చెప్పినప్పుడల్లా తరగతి ఒక్క నిమిషం నిశ్శబ్దమయ్యేది.)

తూర్పు తీరంలో ఈ ప్రశ్నకు ఇంకా పదును ఎక్కువ. మన కోరమండల్ తీరం చాలావరకు తిన్నగా, ఇసకగా ఉంటుంది. ఓడ వచ్చి గాలివాన చాటున నిలబడడానికి సహజమైన మూలలు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, అలల్లోంచి చిన్న పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చాలి. దానికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసిన వాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, ఆ సముద్రం ఏం చేయగలదో వాళ్లను అడగండి. అలాంటి తీరానికి సరుకు వేసుకుని రమ్మని పిలిచే రాజు ముందుగా ఓడ పగిలితే ఏమవుతుందన్న దానికే జవాబు చెప్పాలి. గణపతిదేవుడు ముందు ఆ జవాబే చెప్పాడు, సుంకం లెక్కలు తర్వాతే వచ్చాయి.

నా మట్టుకు ఈ శాసనం సారమంతా ఒక్క మాటలో ఉంది: ముందే తెలిసిన లెక్క. పగిలిన ఓడ ఒకటి దొరికితే రాజుకు ఆ ఏడు పండగే. కానీ ఆ కబురు ఓడల మీద ఊరూరా పాకుతుంది, మరుసటి ఏడు రావాల్సిన పది ఓడలు పక్క రేవుకు పోతాయి. ముప్పైకి ఒకటంటే నూటికి మూడు పైచిలుకు. ఇది తక్కువేనని ఎలా చెప్పగలమంటే, అదే కాలంలో సోంగ్ వంశపు చైనా రేవుల్లో విదేశీ సరుకు మీద సాధారణంగా పదింట ఒక వంతు తీసుకునేవారు. అక్కడ ప్రభుత్వం కొన్ని సరుకులను తానే కొనుక్కునే హక్కు కూడా అట్టిపెట్టుకుంది.

సుంకం రేటు ఒకటి చెప్పి శాసనం ఊరుకోలేదు, సరుకుల పట్టీ కూడా ఇచ్చింది. చందనం, కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, కర్పూరతైలం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, సుగంధద్రవ్యాలు, మిరియాలు, పట్టుబట్టలు. పోకలకైతే లక్షకు ఇంత అని లెక్క. చాలామంది ఈ భాగం చదవకుండా దాటేస్తారు. నాకు ఇదే ప్రాణం. ఎందుకంటే రాజు ఓరుగల్లులో ఉంటాడు, రేవులో ఉండేది సుంకరి. మాటకు పొంగిపోయి వచ్చిన వర్తకుణ్ణి సుంకరి తన ఇష్టమొచ్చినంత గుంజితే రాజు అభయం నీళ్లపాలే. సరుకు వారీగా రేటు రాతిమీద అందరికీ కనిపించేలా ఉంటే, వర్తకుడు వేలు పెట్టి చూపించి వాదించుకోవచ్చు. శాసనాన్ని మారుమూల కోటలో కాకుండా రేవు ఊళ్లోనే నిలబెట్టడంలో అర్థం అదే.

ఈమధ్య ఇది ప్రపంచంలోనే మొదటి ఓడ బీమా అని తిరుగుతున్న రాతలు చూస్తున్నాను. దయచేసి నమ్మకండి. బీమా అంటే నష్టం ఎవరో భరించాలి. ఇక్కడ మునిగిన సరుకుకు రాజు ఒక్క పణం కూడా ఇవ్వడం లేదు. మిగిలిన దాన్ని ముట్టుకోనంటున్నాడు, అంతే. దాని విలువ దానికి చాలు, లేనిపోని కిరీటాలు పెట్టనక్కర్లేదు. అలాగే మన సముద్ర వ్యాపారం దీంతోనే మొదలైందన్న మాట కూడా తప్పు. శాతవాహనుల నాణేల మీదే ఓడ బొమ్మ ఉంది. 11వ శతాబ్దం చివరికే విశాఖపట్నం కులోత్తుంగచోళపట్టణం అన్న పేరుతో దూరదేశపు వర్తకులున్న రేవు.

ఇక రెండో ప్రశ్న. ఓరుగల్లు నుంచి మోటుపల్లికి 250 కిలోమీటర్ల పైనే. కాకతీయులు పుట్టుకతో మెట్ట ప్రాంతపు రాజులు, చెరువులు తవ్వించి నేలను సాగులోకి తెచ్చుకుంటూ ఎదిగిన వాళ్లు. తీరం గణపతిదేవుడు గెలుచుకున్నది. 1199లో గద్దెనెక్కిన కొద్దికాలానికే తీరాన్ని ఏలుతున్న వెలనాటి చోళులను ఓడించి, దివిసీమను లోబరచుకున్నాడు. గెలిచాక ఆ తీరపు అయ్య వంశంతో వియ్యమందాడు. నారమ్మ, పేరమ్మ అనే అక్కచెల్లెళ్లను పెళ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా పెట్టుకున్నాడు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఇతనే. రేవు సంగతులు తరతరాలుగా తెలిసిన కుటుంబం ఇప్పుడు రాజు ఇంటి చుట్టమైంది. ఇలా తీరం చేతికొచ్చిన నలభై ఏళ్లకు గానీ అభయశాసనం రాలేదు. తొందరపాటు దానం కాదు, తీరాన్ని బాగా ఎరిగాక తీసుకున్న నిర్ణయం అని నా అంచనా.

రాజుకు కావలసినవి ఏమిటో శాసనమే చెప్పింది: బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు. ఏనుగులు ఓడలెక్కి రావడమేమిటని ఆశ్చర్యపోకండి, సింహళం నుంచి అలాగే వచ్చేవి. గుర్రాల సంగతి మరీ ముఖ్యం. మన వాతావరణంలో మేలుజాతి గుర్రం సరిగా పెరగదు, యుద్ధం అది లేకుండా జరగదు. అదే శతాబ్దంలో పాండ్యరాజ్యానికి పారశీక ఖాతంలోని కిష్ ద్వీపపు వర్తకుడు ఒక్కడే ఏటా 1400 గుర్రాలు పంపేలా ఒప్పందం ఉండేదనీ, గుర్రానికి 220 బంగారు దీనార్లు కట్టేవారనీ పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. ఏడాదికి రెండువేలకు పైగా కొన్నా చివరికి వంద కూడా బతకవని, సాకడం తెలియక చంపుకుంటారని మార్కోపోలో అన్నాడు. అంకెల్లో కొంత అతిశయోక్తి ఉండొచ్చు గానీ దాహం నిజం. గుర్రాల అసలు దారి పడమటి తీరం మీదుగానే ఎక్కువ. ఆ దారిలో దేవగిరి యాదవులూ హొయ్సళులూ ఉన్నారు. తూర్పున సొంత రేవు ఒకటుంటే కాకతీయులకు ఆ మేరకైనా ఎవరి దయా అక్కర్లేదు.

రాజు ఇంత చేసినా సరుకు తనంతట తాను నడిచి రాదు, నడిపించే వాళ్లు వేరే ఉన్నారు. అయ్యావోలు ఐదునూర్వురు, నానాదేశి పెక్కండ్రు, స్వదేశి పరదేశి వ్యవహారులు అంటూ మన శాసనాల్లో కనిపించే వర్తక సమూహాలు ఏ ఒక్క రాజుకూ చెందినవి కావు. ఐహోళె పేరు పెట్టుకున్న ఐదునూర్వురు కన్నడ, తెలుగు, తమిళ దేశాలన్నిటా ఉన్నారు. సుమత్రా పడమటి తీరంలో బరూస్ దగ్గర వాళ్లు 1088లో వేయించిన తమిళ శాసనం దొరికింది. చైనాలో చ్వాన్‌జౌ రేవులో 1281 నాటి తమిళ శాసనం శివాలయం గురించి చెబుతుంది. సొంత కావలి దళాలు, సొంత కట్టుబాట్లు, సొంత దానధర్మాలు ఉన్న మనుషులు వీళ్లు. రాజ్యాలు పోట్లాడుకుంటున్నా వీళ్ల దారులు సాగేవి. మోటుపల్లికి దేశ్యుయ్యక్కొండపట్టణం అని ఇంకో పేరుంది. ఆ 'దేశి' ఈ వర్తకులదే. కాబట్టి అభయశాసనాన్ని రాజు దిక్కులేని వాళ్లకు వేసిన భిక్షగా చదవకండి. నచ్చకపోతే ఇంకో రేవుకు పోగల శక్తి ఉన్న వాళ్లకు రాజు ఇచ్చిన హామీ అది. ఎదుటివాడికి వెళ్లిపోయే దారి ఉన్నప్పుడే పాలకుడు తన చేతులు తాను కట్టుకుంటాడు. మధ్యయుగపు రాజ్యాలన్నీ వర్తకుణ్ణి పీల్చి పిప్పి చేశాయనే వాళ్లకు ఈ స్తంభమే జవాబు.

అయితే ఇందులో లేని వాళ్ల సంగతీ చెప్పాలి. అలల్లో ప్రాణాలొడ్డి ఓడ నుంచి ఒడ్డుకు మూటలు చేర్చిన పడవవాళ్లు, ఆ ఓడలెక్కి పోయే బట్ట నేసిన సాలెలు ఇందులో కనిపించరు. అభయం సరుకు సొంతదారుకే. ఆ నేత ఎంత గొప్పదో తెలియాలంటే పరదేశీయుడి మాట మీదే ఆధారపడాలి. అక్కడికే వస్తున్నాను.

మార్కోపోలో చెప్పిన ముత్ఫిలి మన మోటుపల్లే. సాలెగూడు తంతువుల్లా ఉండే సన్నని బట్టలు అక్కడ దొరుకుతాయనీ, ఏ రాజైనా రాణియైనా సంతోషంగా కట్టుకునేంత బాగుంటాయనీ రాశాడు. వజ్రాల కథ కూడా చెప్పాడు: పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు వాటిని పైకి తెస్తాయి అని. ఈ కథ అతనికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచే మధ్యధరా, అరబ్బు లోకాల్లో తిరుగుతున్నది. కృష్ణ ఒడ్డున వజ్రాలున్నాయన్నది నిజం, గద్దలు మాత్రం అతను విన్న కథలోంచి వచ్చాయి.

రాణి గురించి, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని రాశాడు. ఇక్కడ రెండు తేడాలున్నాయి. రుద్రమ గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. రెండోది తేదీ. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలిగిందనీ, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడనీ ఉంది. మార్కోపోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో మన తీరం దాటింది ఆ తర్వాత, 1290ల మొదట్లో. అప్పటికి ఆమె లేదు. కనుక అతను రుద్రమను చూడలేదనే నా అభిప్రాయం. ఓడలమీద, రేవుల్లో విన్నది రాసుకున్నాడు. దీనివల్ల అతని మాటకు విలువ తగ్గిందని నేననుకోను. పరాయి నావికుల నోట, ఆమె పోయిన తర్వాత కూడా, న్యాయంగా ఏలే రాణి ఉన్న దేశంగా మన నేల నిలిచింది. రాజ్యానికి అతను పెట్టిన పేరు కూడా గమనించండి. ఓరుగల్లు అనలేదు, రేవు పేరే రాజ్యం పేరయింది. మనకు ఏడు ప్రాకారాల రాజధాని ముఖ్యం. సముద్రం మీద తిరిగే వాళ్లకు మోటుపల్లే మొత్తం దేశం.

1323తో కాకతీయ రాజ్యం పోయింది. ఆ తర్వాత రేవు పరిస్థితి ఏమిటో 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే ఊళ్లో వేయించిన శాసనంలో తెలుస్తుంది. సంస్కృతం, తెలుగు, తమిళం, మూడు భాషల్లో ఉంది. చదవాల్సిన వాళ్లెవరో ఆ తమిళం చూస్తేనే తెలుస్తుంది. మోటుపల్లికి వచ్చి కాపురముండే వర్తకులకు భూములిస్తామని, వెళ్లిపోతామంటే ఆపబోమని, తెచ్చిన సరుకు ఎవరికి నచ్చితే వాళ్లకు అమ్ముకోవచ్చని, అపుత్రిక దండం వదిలేశామని చెప్పాడు. అపుత్రిక దండమంటే కొడుకుల్లేకుండా చనిపోయినవాడి ఆస్తి మీద రాజు వేసే చెయ్యి. ఇంటికి వేల మైళ్ల దూరంలో, పరాయి రేవులో జబ్బుపడి పోయే వర్తకుడికి ఇది ఎంత ధైర్యమో ఆలోచించండి. గణపతిదేవుడు ఓడ మునగడం గురించి మాటిచ్చాడు, అనపోతారెడ్డి మనిషి పోవడం గురించి మాటిచ్చాడు. నడిమధ్య ముప్పై అయిదేళ్ల అలజడిలో చెదిరిన వాళ్లను మళ్లీ పిలవడానికి పాత మాట ఒక్కటే సరిపోలేదని నాకనిపిస్తుంది.

పిలుపు ఫలించిందనడానికి శ్రీనాథుడి హరవిలాసమే సాక్ష్యం. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయసెట్టి కొండవీటి కుమారగిరిరెడ్డికి వసంతోత్సవాల కోసం సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు. అతను ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెచ్చాడో ఒక సీసపద్యంలో ఉంది. సింహళం ఏనుగులు, హురుముంజి (హోర్ముజ్) గుర్రాలు, గోవ సంకుమదం అనే సుగంధద్రవ్యం, భోటదేశపు (టిబెట్) కస్తూరి, చీనా పట్టు. అన్నిటికంటే ముందు పంజార కర్పూరం. మా గురువుగారు ఆ పద్యం చెప్పిన రోజున పంజారమంటే పంజాబేమో అనుకున్నాం. కాదు. అరబ్బు నావికులు ఫన్సూర్ అని పిలిచిన సుమత్రా తీరం, అయ్యావోలు ఐదునూర్వురు 1088లో రాయి నిలబెట్టిన అదే బరూస్. మనం ప్రసాదంలో వేసుకునే పచ్చకర్పూరం పుట్టే చెట్లు అక్కడివే.

ఎప్పుడైనా వెళ్లాలనుకుంటే చినగంజాం స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఉప్పు కొటార్ల పక్కగా, సరుగుడు తోటల మధ్యగా మోటుపల్లికి ఆటోలు దొరుకుతాయి. పొద్దున్నే వెళ్తే మంచిది. ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా కనిపిస్తాయి, మధ్యాహ్నమైతే రాయి మీద ఏమీ ఆనవు. చూశాక సముద్రం దాకా నడవండి. ఆ ఇసకలో నిలబడి ఓడ ఎక్కడ ఆగి ఉండేదో, మూటలు ఎలా దించి ఉంటారో ఊహించుకుంటే, ముప్పైకి ఒకటి అన్న లెక్క కోసం ఎందుకు అంత దూరం వచ్చేవాళ్లో తెలుస్తుంది.